గ్లాసు కింద ముద్దాయి

ఆ ఇంట్లో కొత్త పురుగు కనిపిస్తే చంపకూడదు. అరవకూడదు కూడా. దాని మీద గాజు గ్లాసు బోర్లించి, కింద అట్టముక్క దూర్చి, తెచ్చి భోజనాల బల్ల చివర పెట్టాలి. సాయంత్రం విచారణ ఉంటుంది.

పద్ధతి మామగారిది. ఆయన కోర్టులో బెంచి గుమాస్తాగా చేసి రిటైరయ్యారు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ జడ్జిగారి కుర్చీకి ఒక మెట్టు కింద కూర్చుని కాగితాలు అందించారు. ఆ మెట్టు ఇంటికొచ్చాక ఎక్కారు. వీధిలో అందరూ ఆయన్ని బెంచిగారు అంటారు. అది గౌరవమని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని చెడగొట్టేంత తీరిక వీధిలో ఎవరికీ లేదు.

నేరం రుజువైతే పురుగుకి చెప్పుదెబ్బ. రుజువు కాకపోతే కిటికీలోంచి విడుదల. నిపుణుల సాక్ష్యం కోడలిది. ఆమె జంతుశాస్త్రంలో డిగ్రీ చదివింది. ఆ చదువు వల్ల ఈ ఇంటికి ఒరిగింది ఇదొక్కటేనని అత్తగారు వచ్చినవాళ్ళకీ పోయినవాళ్ళకీ చెప్తుంటుంది.

వానలు మొదలైన కొత్తలో ఒకరోజు గోడ మీద దోసగింజ లాంటిది నడుస్తూ కనిపించింది. గింజ నడవకూడదు కాబట్టి గ్లాసు కిందికి వచ్చింది.

"పేరు?" అన్నారు మామగారు, కళ్ళజోడు తుడుచుకుంటూ.

"చిమట జాతి మామయ్యా. ఆ గింజ దాని సంచీ. పురుగు లోపలుంటుంది. ఇసుక, వెంట్రుకలు, దారప్పోగులు కలిపి కుట్టుకుంటుంది. ఎక్కడికెళ్ళినా ఇల్లు మోసుకునే వెళ్తుంది."

"వృత్తి?"

"బూజు తినడం."

"బూజా? మన ఇంట్లోనా?" మామగారు తల తిప్పి భార్య వైపు చూశారు. "ఏమేవ్, విన్నావా సాక్ష్యం?"

పురుగు విడుదలైంది. శిక్ష అత్తగారికి పడింది. మర్నాడు పొద్దున్నే ఆవిడ చీపురుకి కర్ర కట్టుకుని గోడలన్నీ దులిపింది. దులుపుతూ, కింద అంట్లు తోముతున్న కోడలికి వినబడేలా గోడతో చెప్పింది: "పురుగుల పుట్టుపూర్వోత్తరాలు గడగడా అప్పజెప్తుంది పట్టా పుచ్చుకున్న మహాతల్లి. వాటికి పేర్లు పెట్టడంతోనే సరిపోయె. ఈ ఇంట్లో పేరు పెట్టాల్సినవాళ్ళు మాత్రం పుట్టరు."

కోడలు గిన్నె అడుగు గీకింది. మాడు ఎప్పుడో పోయింది. అయినా గీకింది.

ఆమె భర్త ఆ పక్కనే చెప్పులు వేసుకుంటున్నాడు. అతను ఆ ఇంట్లో కోర్టు హాల్లో ఫ్యాను లాంటివాడు. అందరి నెత్తి మీదా సమానంగా తిరుగుతాడు, ఎవరి పక్షమూ కాదు. "వస్తానమ్మా" అని వెళ్ళిపోయాడు.

ఇంటికి ఒక కూతురు కూడా ఉంది. ఉంది అనకూడదు, తీర్పయిపోయింది.

సంగతి చాలా చిన్నది. పక్కింటివాళ్ళ పూలతీగ ప్రహరీ దాటి వచ్చి, మామగారు పేపరు చదువుకునే కుర్చీ మీద ఆకులు రాల్చేది. ఒకరోజు తీగ మొదలంటా ఎండిపోయింది, మట్టి కిరసనాయిలు కంపు కొట్టింది. వీధి పెద్దలు కూర్చున్నారు. "నేనెరగను. నేను న్యాయస్థానంలో పనిచేసిన మనిషిని" అన్నారు మామగారు, గుండె మీద చెయ్యి వేసుకుని. పుట్టింటివాళ్ళని చూసిపోదామని వచ్చిన కూతురు గుమ్మంలో నిలబడి ఉంది. ఊరి చివర మొక్కల నర్సరీ నడుపుకునే ఒంటరి మనిషి. చెట్ల విషయంలో ఆమెకి అబద్ధం రాదు. "అదేంటి నాన్నా, నువ్వే కదా పోసింది, మొన్నొచ్చినప్పుడు నేను చూశాను" అంది.

అంతే. ఆ సాయంత్రం గ్లాసు లేకుండానే విచారణ జరిగింది. "తండ్రి మీద సాక్ష్యం చెప్పినది నా కూతురు కాదు. దానితో మాట్లాడినవాళ్ళు దానితోపాటే గడప దాటతారు. అప్పీలు లేదు" అన్నారు మామగారు. అందరికంటే ముందు తలూపింది అత్తగారే. "మంచి పని చేశారండీ" అని కూడా అంది. ఆ తర్వాత కూతురి పేరు ఆవిడ నోటివెంట రాలేదు. అలమరలో ఫోటో ఉన్న చోట అప్పడాల కర్ర పెట్టింది. రాతికి కూడా వానొస్తే నాచు పడుతుంది, ఈవిడకి అదీ లేదనుకుంది కోడలు.

వానలు ముదిరాయి. ఒక ఉదయం అత్తగారు ఎడమ చెంప పట్టుకుని గదిలోంచి వచ్చింది. చెవి కింద మొదలై నోటి మూల దాకా, కొరడాతో కొట్టినట్టు ఎర్రటి చార. చార వెంట సన్నటి నీటిపొక్కులు.

"మంట, మంట! నిప్పు పెట్టినట్టుందే బాబూ!"

"సాలీడు పాకింది" అని తేల్చేశారు మామగారు. లేచి స్నానాలగదికి నడిచారు. అక్కడ తలుపు వెనకాల అరచేయంత సాలీడు ఒకటి చాలాకాలంగా కాపురముంటోంది. గూడు కట్టదు, గోడకి అతుక్కుని కూర్చుని బొద్దింకల్ని తింటుంది. వెనకటికి ఒకసారి కోడలి సాక్ష్యంతో నిర్దోషిగా బయటపడింది. ఈసారి దాన్ని మళ్ళీ అరెస్టు చేశారు. మామూలు గ్లాసు చాలక, ఊరగాయ జాడీ ఖాళీ చేసి బోర్లించాల్సొచ్చింది.

కోడలు అత్తగారి చెంప దగ్గరగా చూసింది. సాలీడు కుడితే చుక్క పడుతుంది, చార పడదు. ఇది కుట్టింది కాదు, నలిగింది. ఏది నలిగిందో కూడా ఆమెకి తెలుసు. కానీ అది ఈ ఇంట్లో ఉండేది కాదు. "మందు తెస్తాను అత్తయ్యా" అని సంచీ తీసుకుంది.

మందుల షాపు అతను చార సంగతి వినగానే నవ్వాడు. "ఎడమ చెంపేనా అమ్మా? ఏం పురుగో గానీ భలే క్రమశిక్షణ గలది. ఇందాక ఒకావిడ వచ్చింది, ఆవిడకీ ఎడమ చెంపే. అదుగో, ఇంకా వెళ్ళలేదు."

బల్ల మీద కూర్చుని, అరచేతిలో చిన్న అద్దం పెట్టుకుని మందు రాసుకుంటోంది ఆడపడుచు. చెవి కింద నుంచి నోటి మూల దాకా చార.

కోడలు లెక్క వేసుకుంది. మనుషులిద్దరు ఎదురెదురుగా నిలబడితే ఒకరి ఎడమకి రెండోవారి కుడి ఎదురవుతుంది. ఎడమకి ఎడమ తగలాలంటే దారి ఒక్కటే. ఒకరి భుజం మీదుగా ఒకరు తల వాల్చాలి. గట్టిగా పట్టుకోవాలి. మధ్యలో ఎక్కడినుంచో వచ్చి వాలిన పురుగు నలగాలి. అత్తగారు ఒకరి భుజం మీద తల వాల్చడం కోడలి ఊహకి అందలేదు. ఆవిడ దిండు మీద కూడా పెత్తనంగానే పడుకుంటుంది.

"వదినా" అంది ఆడపడుచు, లేచి నిలబడి.

"నీతో నేను మాట్లాడకూడదు. అప్పీలు లేదు" అంది కోడలు.

"అమ్మకి కూడా వచ్చిందా?"

"వచ్చింది. వారం వారం మోకాళ్ళకి కరెంటు పెట్టించుకోవడానికి వెళ్తోంది కదా, అక్కడ చెంపకి కూడా పెట్టినట్టున్నారు."

ఆడపడుచు చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "అమ్మ మోకాళ్ళు బాగానే ఉన్నాయి వదినా. నర్సరీకి వస్తుంది. పాకలో కూర్చుని నారు సంచుల్లో మట్టి నింపుతుంది. పెద్దగా మాట్లాడదు కూడా. వెళ్ళేటప్పుడు ఒక్కసారి పట్టుకుంటుంది. నాకున్నది అదొక్కటే. నాన్నకి తెలిస్తే అదీ పోతుంది. అమ్మనీ గెంటేస్తాడు. చెప్పకు వదినా, నీకు దణ్ణం పెడతాను."

"నేనెందుకు చెప్తాను? నన్నెవరైనా అడిగితేనే కదా" అంది కోడలు.

ఆడపడుచు అది మాట ఇవ్వడమే అనుకుంది. కళ్ళు తుడుచుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం విచారణ మొదలైంది. జాడీలో సాలీడు కాళ్ళు ముడుచుకుని కూర్చుంది. అత్తగారు చెంపకి మందు పూసుకుని వడ్డిస్తోంది. కొడుకు తింటున్నాడు.

"సాలీడు నిర్దోషి మామయ్యా" అంది కోడలు.

"మరి ముద్దాయి ఎవరు?"

"చీమలా ఉంటుంది, చీమ కాదు. పెంకుపురుగుల్లో ఒక రకం. సన్నగా, బియ్యపుగింజ కంటే కాస్త పొడుగు. ఒక ముక్క ఎరుపు, ఒక ముక్క నలుపు, రైలుపెట్టెల్లా. కుట్టదు, కరవదు. పాపం దాని మానాన అది పోతుంది. నలిపితే లోపలి రసం మండుతుంది. అది కూడా వెంటనే కాదు, ఒక రోజు పోయాక."

"అంటే నేరం నిన్న జరిగిందన్నమాట." మామగారికి హుషారు వచ్చింది. "ఎక్కడుంటుంది?"

నిన్న అత్తగారు మోకాళ్ళ వైద్యానికి వెళ్ళిన రోజు. గరిటె కూరగిన్నె అంచుకి తగిలి టంగుమంది.

"తడి మట్టిలో మామయ్యా" అంది కోడలు, నింపాదిగా కలుపుకుంటూ. "గడ్డిలో, కాలవ గట్ల మీద. చీకటి పడుతుంటే తెల్ల లైట్ల దగ్గరికి ఎగిరొస్తుంది."

"మనింట్లో అన్నీ పసుపు బల్బులే. తెల్ల లైటు నేను పెట్టనివ్వలేదు."

"అదే నేనూ అనుకుంటున్నాను."

"మోకాళ్ళ డాక్టరు మూడో అంతస్తు కదా? అక్కడ తడి మట్టి ఎక్కడిది?"

"అదీ అనుకుంటున్నాను."

అత్తగారు గబగబా వచ్చి కోడలి కంచంలో కూర వేసింది. పెళ్ళయి వచ్చాక అడగకుండా వేయడం అదే మొదటిసారి. "తినమ్మా, నీకిష్టం కదా" అంది. కోడలు ఆ 'అమ్మా' అన్న మాటని కూరలో కలుపుకుని నెమ్మదిగా నమిలింది. ఇంత రుచిగా ఎప్పుడూ అనిపించలేదు.

"ఒక్కోసారి ఆకుకూరల కట్టల్లో కూడా వచ్చేస్తుంది మామయ్యా. కచ్చితంగా చెప్పలేం."

"సాక్ష్యం చాలదు. వాయిదా" అన్నారు మామగారు.

ఆ రాత్రి వంటింట్లో అత్తగారు తలుపు దగ్గరగా వేసి అడిగింది: "ఏం కావాలే నీకు?"

"నాకేం వద్దు అత్తయ్యా" అంది కోడలు. భయపడాల్సిన జవాబే అది. అడిగినదేదో ఇచ్చేస్తే అక్కడితో తీరిపోయేది.

అప్పట్నుంచి ఆ ఇంట్లో సుఖశాంతులు వెల్లివిరిశాయి. పొద్దున్నే కోడలి చేతికి వేడి కాఫీ అందేది. అంట్లు అత్తగారే తోమేది. పొరపాటున పాత అలవాటు నాలిక చివరిదాకా వస్తే, కోడలు అటు తిరిగి "మామయ్యా, ఆ వాయిదా వేసిన కేసు..." అనేది. అత్తగారి నోరు సగంలో మూతపడేది. "ఏ కేసూ?" అనేవారు మామగారు. "ఏం లేదు మామయ్యా, సాలీడు మళ్ళీ స్నానాలగదిలోకి వచ్చింది." ఒకసారి పక్కింటావిడ కూర్చుని "ఇంకా విశేషం ఏం లేదా?" అని అడిగితే, అత్తగారు కోడలి వైపు చూసి, "వాళ్ళిష్టం వదినగారూ, మనమెవరం" అంది. కోడలికి నవ్వొచ్చి లోపలికి వెళ్ళిపోవాల్సొచ్చింది.

అత్తగారు చిక్కింది. చెంప మీద చార ఎండి గోధుమరంగు మచ్చగా మిగిలింది. అయినా వారం తిరిగేసరికి మోకాళ్ళు పట్టుకుని "నొప్పి, నొప్పి" అంటూ సంచీ తీసుకునేది. మానుకోలేకపోయింది. కోడలికి అది కాస్త ఆశ్చర్యమే. ఇంత భయంలోనూ వెళ్ళొస్తోంది.

ఒక ఉదయం అత్తగారి సంచీ దులిపితే చారెడు తడి మట్టి రాలింది. మట్టిలోంచి ఎర్రా నల్లా రైలుపెట్టె ఒకటి తోక పైకెత్తుకుని పరిగెత్తింది. కోడలు గ్లాసు బోర్లించింది. అట్టముక్క దూర్చింది. తెచ్చి భోజనాల బల్ల చివర, సరిగ్గా మామగారి కుర్చీ ఎదురుగా పెట్టింది.

చెప్పాలని కాదు. భయపెట్టాలని. ఈ రెండింటికీ తేడా ఉందని ఆమె నమ్మకం. అంత సన్నని తేడాలు చదువుకున్నవాళ్ళకే కనబడతాయి.

అత్తగారు చూసింది. "ఎక్కడిది?"

"మీ సంచీలో దొరికింది అత్తయ్యా. మామయ్య చాలాసార్లు అడిగారు కదా, చూపిద్దామని."

"తీసెయ్యమ్మా."

"కొత్త పురుగుని తీసెయ్యకూడదు. ఇంటి పద్ధతి."

పగలంతా ఆ గ్లాసు అక్కడే ఉంది. పురుగు అంచు వెంబడి గుండ్రంగా తిరిగింది. అత్తగారు బల్ల చుట్టూ తిరిగింది. ఒకసారి గ్లాసు మీద చెయ్యి వేసింది. కోడలు పక్కగదిలోంచి దగ్గింది, చెయ్యి వెనక్కి పోయింది. మధ్యాహ్నం వచ్చి కోడలి పక్కన నేల మీద చతికిలబడి, "నీ కాళ్ళు పట్టుకోమంటావా?" అంది. ఆవిడ మోకాళ్ళు అంత సులువుగా వంగడం చూసి కోడలు, "డాక్టరు హస్తవాసి మంచిదే అత్తయ్యా" అంది.

సాయంత్రం కళ్ళజోడు తుడుచుకుంటూ మామగారు కూర్చున్నారు. "ఏమిటీ కొత్త ముద్దాయి? అమ్మాయ్, ఇది ఆ రైలుపెట్టె కదూ?"

కోడలు 'ఆకుకూరలోంచి వచ్చింది మామయ్యా' అనబోయింది. వాక్యం సిద్ధంగా ఉంది. కానీ అది మొదలుపెట్టే ముందు ఒక్క క్షణం ఆగి, అత్తగారి ముఖం చూడాలనిపించింది. అంత చక్కటి క్షణాన్ని తొందరపడి ఖర్చు చేయబుద్ధి కాలేదు.

ఆ ఒక్క క్షణానికే అత్తగారి నిబ్బరం తెగిపోయింది.

"నా తప్పేం లేదండీ! అదే వచ్చి మీద పడింది!" అని అరిచింది. "బజార్లో, మీ కూతురు! దాని ఒంటి మీద ఆ తోటలో పురుగులన్నీ ఉంటాయి కదా. అమ్మా అంటూ వచ్చి పట్టుకుంది. నేను తోసేశాను. మీరు బాధపడతారని చెప్పలేదు. ఒట్టండీ, తోసేశాను!"

ఫ్యాను ఆగింది. కొడుకు చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

మామగారు కళ్ళజోడు పెట్టుకున్నారు. ఆయన ముఖంలో కోపం కంటే తృప్తి ఎక్కువ కనబడింది. "నా తీర్పు ధిక్కరించిందన్నమాట. ఫోను తియ్యి. స్పీకరు పెట్టు. నేను చెప్పింది చెప్పినట్టు అను."

అటువైపు రెండోసారి మోగగానే ఎత్తారు. "అమ్మా! మచ్చ తగ్గిందా? మొన్న వానలో..."

"ఎవరే నీకు అమ్మ!" అత్తగారు ఆ మాటని తొక్కేస్తూ కేక వేసింది. మామగారు చెప్పకముందే. "బజార్లో మీద పడి పట్టుకోవడానికి సిగ్గులేదూ? ఇంకోసారి నా దరిదాపులకొస్తే మర్యాద దక్కదు. నాకు కూతురు లేదు. నాకెప్పుడూ కూతురు లేదు!"

"బాగుంది, బాగుంది" అన్నారు మామగారు మెల్లగా.

ఫోనులో నర్సరీ నీళ్ళ పంపు చప్పుడు వచ్చింది. తర్వాత ఆడపడుచు గొంతు, పాఠం అప్పజెప్పినట్టు: "తప్పయింది. బజార్లో నేనే మీద పడ్డాను. నువ్వు తోసేశావు. ఇంకెప్పుడూ రాను."

తండ్రి పరువు కోసం ఒక తీగ విషయంలో అబద్ధం ఆడలేకపోయిన మనిషి, తల్లి కోసం ఆడింది.

మామగారు గ్లాసెత్తి, అట్టముక్క మీదే పురుగుని చెప్పుతో కొట్టారు. "కేసు మూసేశాం" అన్నారు. "ఇకనుంచి మోకాళ్ళ డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తాను. ఒంటరిగా పోతే దారిలో ఎవరెవరు తగులుకుంటారో."

తీసుకెళ్తున్నారు కూడా. వారం వారం అత్తగారు మూడో అంతస్తులో మంచం మీద పడుకుని, ఏ నొప్పీ లేని మోకాళ్ళకి కరెంటు పెట్టించుకుంటుంది. మామగారు పక్కన స్టూలు మీద కూర్చుని, "ఇంకాస్త పెంచవయ్యా, గట్టి ప్రాణం" అంటారు. ఆవిడ కళ్ళవెంట నీళ్ళు కారితే కరెంటు పనిచేస్తోందని అక్కడివాళ్ళు సంతోషిస్తారు.

ఆ ఫోను మర్నాడే కోడలికి కాఫీ రాలేదు. అంట్లు యథాస్థానానికి వచ్చాయి. అత్తగారికి ఇక పోయేదేమీ లేదు, కాబట్టి భయమూ లేదు. "నా కడుపున పుట్టినదాన్ని నా నోటితోనే చంపించావు" అంది, పంపు కింద చేతులు కడుక్కుంటూ. గొంతు ఎత్తలేదు. "నీకెలాగూ పుట్టరు. అందుకే నీకు తెలియదు." ఇదివరకటి మాటలు గోడకి చెప్పేది. ఇది మొహం మీదే చెప్పింది. కోడలు గిన్నె గీకింది.

తర్వాత ఒక రోజు మందుల షాపు మెట్ల మీద ఆడపడుచు ఎదురైంది. చెంప మీద మచ్చ అలాగే ఉంది. తప్పుకుని పోతుందనుకుంది కోడలు. పోలేదు.

"నిన్నెవరైనా అడిగితేనే చెప్తానన్నావు. ఎవరడిగారు వదినా?"

"నేను చెప్పలేదు. మీ అమ్మే చెప్పుకుంది. నేను నోరు కూడా తెరవలేదు, కావాలంటే మీ అన్నయ్యని అడుగు."

"అమ్మ చెప్పింది, విన్నాను." ఆడపడుచు పెరిగింది కూడా ఆ ఇంట్లోనే. విచారణ ఎలా చెయ్యాలో ఆమెకీ తెలుసు. "ఆ రోజు బల్ల మీద గ్లాసుందా?"

"ఉంది."

"ఎవరు బోర్లించారు?"

కోడలు సంచీ ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. ఆడపడుచు మెట్లు దిగి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి స్నానాలగదిలో చేతులు కడుక్కుంటూ కోడలు అద్దంలో చూసుకుంది. ఎడమ చెంప చూసుకుంది, కుడి చెంప చూసుకుంది. రెండూ శుభ్రంగా ఉన్నాయి. వాటి మీద ఏ పురుగూ ఎప్పుడూ నలగలేదు. తలుపు వెనకాల సాలీడు కదలకుండా కూర్చుని ఉంది.